ఈమెయిల్ అడ్రస్‌కు క్లాస్ రాసేటప్పుడు పేరు, కోణపు బ్రాకెట్లు ఎక్కడ ఉండాలి?

తొలిఅడుగు

నమస్కారం. మేము నిర్వహించే వెబ్ అప్లికేషన్ పీహెచ్‌పీలో, మొత్తం క్లాసుల ఆధారంగా రాసినదే అయినా, ఈమెయిల్ అడ్రస్‌ను మాత్రం మొదటి నుంచీ మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరుస) గానే ఒక మెథడ్ నుంచి మరో మెథడ్‌కు అందిస్తూ వచ్చాం. ఏ స్ట్రింగ్ పరిశీలన దాటి వచ్చిందో, ఏది ఫారం నుంచి నేరుగా వచ్చిందో తెలియక, ఒకే వాలిడేషన్‌ను ఆరేడు చోట్ల రాసుకున్నాం. అవి ఒకదానితో ఒకటి పొసగవు కూడా. అందుకని ‘ఈమెయిల్ అడ్రస్’ అనే క్లాస్ ఒకటి రాశాను. దాని కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టును తయారు చేసే మెథడ్) పేరును, అడ్రస్‌ను తీసుకుంటుంది. ఆబ్జెక్టును స్ట్రింగ్‌గా మార్చే టు-స్ట్రింగ్ మెథడ్ ముందు పేరు రాసి, పక్కన కోణపు బ్రాకెట్లలో అడ్రస్ పెట్టి ఇస్తుంది.

వారం తిరగకుండానే మూడు లోపాలు బయటపడ్డాయి. మొదటిది, పేరులో కామా ఉన్న విభాగానికి పంపిన ఉత్తరం వెళ్లలేదు. టు-స్ట్రింగ్ ఇచ్చిన రూపం ఇదీ:

కొనుగోలు, సరఫరా విభాగం <సేవ@ఉదాహరణ.కామ్>

మెయిల్ సర్వర్ ఆ కామాను ఇద్దరు గ్రహీతల మధ్య విభజనగా తీసుకుని, ‘కొనుగోలు’ అనేది చెల్లని అడ్రస్ అని తిప్పికొట్టింది. రెండవది, ఇదే స్ట్రింగ్‌ను పేజీలో చూపించినప్పుడు పేరు మాత్రమే కనిపించి అడ్రస్ మాయమైంది. మూడవది, ఒకే వ్యక్తి ఒకసారి పూర్తి పేరుతోనూ మరోసారి పొడి అక్షరాలతోనూ నమోదైతే, రెండు ఆబ్జెక్టులూ వేర్వేరని తేలి ఒకే ఉత్తరం రెండుసార్లు వెళ్లింది.

ఒక్కో లోపాన్నీ విడివిడిగా సరిచేయగలను. కానీ మూడింటికీ మూలం ఒకటేనని అనిపిస్తోంది, అది ఏమిటో స్పష్టంగా పట్టుకోలేకపోతున్నాను. (ఉదాహరణల్లో అడ్రస్‌లను తెలుగు లిపిలో రాస్తున్నాను. మా కోడ్‌లో అవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి.)

మూలవాక్యం

మీ అనుమానం సరైనదే. రెండు వేర్వేరు వస్తువులను మీరు ఒకే క్లాసులో కూర్చారు, పైగా ఆ క్లాసుకు రెండింటిలో ఒకదాని పేరే పెట్టారు.

ఉత్తరాల ఆకృతిని నిర్ణయించే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5322 ఈ తేడాను మొదటి నుంచీ పాటిస్తోంది. ‘@’ గుర్తుకు ఎడమవైపున ఉండే స్థానిక భాగం, కుడివైపున ఉండే డొమైన్ కలిసి ఒక అడ్రస్ అవుతాయి. ఆ అడ్రస్‌కు ముందు చూడటానికి ఒక పేరు చేర్చి, అడ్రస్‌ను కోణపు బ్రాకెట్లలో పెడితే దానిని మెయిల్‌బాక్స్ అంటుంది. ఉత్తరం ఎక్కడికి చేరాలన్నది నిర్ణయించేది అడ్రస్ ఒక్కటే. పేరు అనేది, చదివే మనిషి కోసం ఉన్న చీటీ మాత్రమే. అది ఈ రోజు ఒకటి, రేపు మరొకటి కావచ్చు.

కాబట్టి ‘అడ్రస్’ క్లాసులో స్థానిక భాగమూ డొమైనూ తప్ప మరేమీ ఉండకూడదు. ఒకసారి తయారైన తరువాత దాని విలువ మారకూడదు. పీహెచ్‌పీ 8.2 నుంచి క్లాసు మొత్తాన్నీ రీడ్-ఓన్లీగా ప్రకటించవచ్చు. ‘మెయిల్‌బాక్స్’ అనే రెండవ క్లాసులో ఒక అడ్రస్ ఆబ్జెక్టూ, ఉంటే ఒక పేరూ ఉంటాయి. మీ మూడవ లోపం ఈ విభజనతోనే పోతుంది, ఎందుకంటే ఇద్దరు గ్రహీతలు ఒకరేనా అన్న ప్రశ్నను మీరు ఇకపై అడ్రస్‌నే అడుగుతారు, మెయిల్‌బాక్స్‌ను అడగరు.

ఈ తికమక మీ ఒక్కరిదే కాదు. జావాలోని ఇంటర్నెట్-అడ్రస్ క్లాస్ సమానతను చూసేటప్పుడు పేరును పక్కన పెట్టి అడ్రస్‌ను మాత్రమే పోలుస్తుంది. డాట్‌నెట్‌లోని మెయిల్-అడ్రస్ క్లాస్ పేరుతో సహా మొత్తం స్ట్రింగ్‌ను పోలుస్తుంది. రెండు పెద్ద లైబ్రరీలు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఇచ్చాయంటే, పేరూ అడ్రస్సూ ఒకే ఆబ్జెక్టులో ఉన్నంతకాలం ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదనే నేను అనుకుంటాను.

సరిహద్దు

మూలవాక్యం గారి విభజనను కాదనను. కానీ సొంతంగా రెండు క్లాసులు రాయవలసిన అవసరం ఏమిటన్నది నా ప్రశ్న. పీహెచ్‌పీలో సింఫనీ ఫ్రేమ్‌వర్క్ వారి, ఉత్తరాలను తయారు చేసే మైమ్ కాంపొనెంట్‌లో అడ్రస్ క్లాస్ ఉంది. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో పేరు, యూజర్‌నేమ్, డొమైన్ విడివిడిగా ఇచ్చే అడ్రస్ క్లాస్ ఉంది. కామాలు, కొటేషన్లు, ఎన్‌కోడింగ్ అన్నీ ఏళ్ల తరబడి దెబ్బలు తిని కుదురుకున్నవి. మనం మళ్లీ రాస్తే ఆ దెబ్బలన్నీ మళ్లీ మొదటి నుంచి తినాలి.

మూలవాక్యం

ఉత్తరం పంపే చోట తప్పకుండా ఆ క్లాసులనే వాడాలి, అందులో మనకు భేదం లేదు. అయితే అవి ఉత్తరాన్ని తయారు చేయడానికి పుట్టినవి. వినియోగదారుడి ఖాతా, బిల్లు, అనుమతుల పట్టిక వంటి మీ సొంత కోడ్‌లో అడ్రస్ అంటే ఏమిటి, ఏ రెండు అడ్రస్‌లు ఒకటే అన్నది మీరు తేల్చుకోవలసిన విషయం, మెయిల్ లైబ్రరీది కాదు. జావాలోని ఆ క్లాసుకు విలువలు మార్చే సెట్టర్లు కూడా ఉన్నాయి. అలాంటి ఆబ్జెక్టును మ్యాప్‌లో కీగా పెట్టి, తరువాత ఎవరైనా అడ్రస్ మార్చితే, ఆ కీ ఇక దొరకదు. లోపల మీ చిన్న క్లాస్, ఉత్తరం పంపే అంచు దగ్గర లైబ్రరీ క్లాస్, మధ్యలో మార్చే పని ఒకే ఒక మెథడ్‌లో. ఇలా ఉంచితే రేపు లైబ్రరీని మార్చినా ఆ ఒక్క మెథడే మారుతుంది.

సరిహద్దు

అంచు దగ్గర మార్చడం అన్న మాటతో ఏకీభవిస్తున్నాను. నేను అప్లికేషన్ అంతటా లైబ్రరీ క్లాసునే పరిచిన ప్రాజెక్టులో, దాని వెర్షన్ మార్చిన రోజున డెబ్బైకి పైగా ఫైళ్లను ముట్టుకోవలసి వచ్చింది. ఆ మాట ముందే చెప్పి ఉండవలసింది.

పదబంధం

తొలిఅడుగు గారి మొదటి రెండు లోపాలకు మూలం టు-స్ట్రింగ్ మెథడ్‌లోనే ఉంది. ఆ మెథడ్‌కు తన జవాబు ఎక్కడికి వెళ్తుందో తెలియదు. మెయిల్ హెడర్‌లోకి (ఉత్తరం పైన గ్రహీత, విషయం వంటివి ఉండే వరుసల్లోకి) వెళ్లేటప్పుడు కామా ఉన్న ఇంగ్లీషు పేరును కొటేషన్లలో పెట్టాలి. హెచ్‌టీఎంఎల్ పేజీలోకి వెళ్లేటప్పుడు కోణపు బ్రాకెట్లను ఎస్కేప్ చేయాలి (ట్యాగ్‌గా కాక మామూలు గుర్తులుగా కనిపించే సంకేతంలో రాయాలి), లేకపోతే బ్రౌజర్ ఆ అడ్రస్‌ను ఏదో తెలియని ట్యాగ్ అనుకుని మింగేస్తుంది. మీ పేజీలో జరిగినది అదే. నొక్కితే ఉత్తరం రాయడానికి తెరుచుకునే మెయిల్‌టు లింకులోకి వెళ్లేటప్పుడు ప్రత్యేక చిహ్నాలకు పర్సెంట్ ఎన్‌కోడింగ్ (పర్సెంట్ గుర్తు పక్కన సంకేత సంఖ్య రాయడం) కావాలి. లాగ్ ఫైలులోకైతే అడ్రస్ మొత్తం వెళ్లనే కూడదు. ఒకే స్ట్రింగ్ ఈ నాలుగు చోట్లకూ సరిపోయే మార్గం లేదు.

నా పద్ధతి ఇది: అడ్రస్ క్లాసుకు టు-స్ట్రింగ్ అసలు రాయను. పీహెచ్‌పీలో ఆ మెథడ్ లేని ఆబ్జెక్టును ఎవరైనా స్ట్రింగ్‌తో కలపబోతే వెంటనే ఎర్రర్ వస్తుంది, తప్పు అక్కడే దొరుకుతుంది. అడ్రస్ కావలసినవారు ‘విలువ’ అనే మెథడ్‌ను పేరు పెట్టి పిలవాలి. హెడర్ కోసం ఒక ఫార్మాటర్ క్లాస్, పేజీ కోసం టెంప్లేట్ ఇంజిన్ తానే చేసే ఎస్కేపింగ్, లాగ్ కోసం మొదటి అక్షరం మాత్రం చూపి మిగతాది దాచే మరో మెథడ్. జావాలో ప్రతి ఆబ్జెక్టుకూ టు-స్ట్రింగ్ ఉండి తీరుతుంది కనుక, అక్కడ దాచిన రూపాన్నే ఇమ్మంటాను, ఎందుకంటే ఎవరూ ఉద్దేశించకుండానే అది చేరే చోటు చాలావరకు లాగ్ ఫైలే.

వరుసక్రమం

టు-స్ట్రింగ్ లేకుండా చేయడం కొంచెం కఠినంగా అనిపిస్తోంది. కేవలం అడ్రస్ మాత్రమే ఉన్న క్లాస్ అయితే, ఆ అడ్రస్‌ను యథాతథంగా ఇచ్చే టు-స్ట్రింగ్‌తో నష్టం లేదు. క్వెరీ రాసేటప్పుడూ టెస్టుల్లోనూ సౌకర్యంగా ఉంటుంది. మెయిల్‌బాక్స్ క్లాసుకు మాత్రం వద్దు. నేను అక్కడ గీత గీస్తాను.

అక్షరవాహిని

పేరును హెడర్‌లోకి ఎన్‌కోడ్ చేసే పని గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. తెలుగులో పేర్లు పంపేవారందరికీ ఇది అవసరం.

పాత హెడర్లలో ఆస్కీ అక్షరాలకే, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులకే చోటు ఉంది. అందుకని తెలుగు పేరును 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 చెప్పిన ‘ఎన్‌కోడెడ్ వర్డ్’ రూపంలోకి మార్చాలి. అలాంటి ఒక్కో ముక్క 75 చిహ్నాలకు మించకూడదు. అందులో అక్షర సంకేతాన్ని, పద్ధతిని తెలిపే ఆరంభానికి 10, ముగింపుకు 2 పోతే, 63 మిగులుతాయి. బేస్64 పద్ధతి మూడేసి బైట్లను నాలుగేసి చిహ్నాలుగా రాస్తుంది కనుక 60 వాడుకోవచ్చు, అంటే 45 బైట్లు. యూటీఎఫ్-8 సంకేతంలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు (యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న గుర్తుకు) 3 బైట్లు కాబట్టి ఒక ముక్కలో 15 కోడ్‌పాయింట్లు పడతాయి. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ఇంతకంటే పొడవైన పేరును రెండు ముక్కలు చేయాలి. అయితే ఒక అక్షరపు బైట్లు రెండు ముక్కల మధ్య చీలిపోకూడదని ఆ ప్రమాణమే చెబుతోంది.

మా పాత ఫార్మాటర్ ఈ చివరి నియమాన్ని పాటించలేదు. ప్రతి 45 బైట్లకూ కత్తిరించుకుంటూ పోయింది. ఏడాదిపాటు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఖాళీ లేని తెలుగు పేర్లలో 45వ బైటు ఎప్పుడూ అక్షరం చివరే పడుతుంది. తరువాత ‘వినియోగదారుల సహాయం’ అనే పేరు వచ్చింది. మొదటి మాట 12 కోడ్‌పాయింట్లు, 36 బైట్లు. ఖాళీ ఒక బైటు, మొత్తం 37. ‘స’, ‘హ’ కలిస్తే 43. ఆ తరువాత వచ్చే దీర్ఘపు గుర్తులో రెండు బైట్లు మొదటి ముక్కలోనూ, మూడవది రెండవ ముక్కలోనూ పడ్డాయి. ఉత్తరం అందుకున్నవారికి ‘సహ’ తరువాత నల్లని చతుర్భుజాల్లో ప్రశ్నార్థకాలు, ఆ తరువాత ‘యం’ కనిపించాయి.

తొలిఅడుగు గారి ‘కొనుగోలు, సరఫరా విభాగం’ను చేత్తో లెక్కపెట్టి చూశాను. అది 60 బైట్లు, దానికీ రెండు ముక్కలు కావాలి. కానీ ఒక కామా, రెండు ఖాళీలు కలిసి మూడు బైట్లు కావడంతో 45వ బైటు సరిగ్గా ‘వి’లోని ‘వ’ చివర పడుతుంది. మా తప్పు ఫార్మాటర్‌తో కూడా ఆ పేరు చక్కగా కనిపించేది! అందుకే టెస్టులకు ఖాళీ లేని పేరు, ఒక ఖాళీ ఉన్న పేరు, రెండు ఖాళీలు ఉన్న పేరు మూడూ పెట్టమంటాను, అన్నీ 15 కోడ్‌పాయింట్లు దాటినవై ఉండాలి.

మరొక మాట. ఎన్‌కోడ్ చేసిన ముక్కను కొటేషన్లలో పెట్టకూడదు. పేరులో కామా ఉందని ముందు కొటేషన్లు పెట్టి, వాటి లోపల ఎన్‌కోడ్ చేసే కోడ్‌ను చాలాచోట్ల చూశాను. ప్రమాణం దానిని ఒప్పుకోదు. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు ఆ ముక్కను విప్పకుండా అలాగే చూపిస్తాయి. తెలుగు పేరైతే కామా కూడా బేస్64 లోపలికే వెళ్తుంది కనుక కొటేషన్ల అవసరమే ఉండదు.

తొలిఅడుగు

అక్షరవాహిని గారూ, ఇంత దగ్గరగా లెక్క చూపినందుకు కృతజ్ఞతలు. మా విభాగం పేరుతో పరీక్షించి అంతా సరిగా ఉందనుకుని ముందుకు వెళ్లేవాడిని. హెడర్ తయారీని లైబ్రరీకే అప్పగిస్తాను, ఆ మూడు పేర్లనూ టెస్టుల్లో చేరుస్తాను.

ఇక సమానత విషయం. కన్‌స్ట్రక్టర్‌లోనే అడ్రస్ మొత్తాన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చేస్తే పోల్చడం తేలిక కదా? అది తప్పవుతుందా?

పదబంధం

డొమైన్ భాగాన్ని చిన్న అక్షరాల్లోకి మార్చవచ్చు, అక్కడ పెద్దా చిన్నా తేడా లేదు. స్థానిక భాగం అలా కాదు. దానిని వ్యాఖ్యానించే అధికారం ఆ డొమైన్‌కు చెందిన సర్వర్‌దేనని, ఉత్తరాల రవాణాను నిర్ణయించే ఆర్‌ఎఫ్‌సీ 5321 అంటోంది. పెద్ద, చిన్న అక్షరాలను వేర్వేరుగా చూడాలని చెబుతూనే, ఆ తేడా మీద ఆధారపడే అడ్రస్‌లు ఇవ్వడం మంచిది కాదని కూడా అంటోంది. నిజానికి నేడు దాదాపు అన్ని సర్వర్లూ రెండింటినీ ఒకటిగానే చూస్తాయి. కానీ ఆ ఒక్క మినహాయింపు సర్వర్‌లోని మనిషికి మన ఉత్తరం చేరకపోతే ఆయనకు మనం చెప్పే సమాధానం ఉండదు.

కాబట్టి వినియోగదారుడు ఇచ్చిన రూపాన్ని ఇచ్చినట్టే దాచి, దానికే ఉత్తరం పంపండి. పోల్చడానికి మాత్రం చిన్న అక్షరాల ‘పోలిక కీ’ ఒకటి క్లాస్ నుంచే తీసి, డేటాబేస్‌లో వేరే కాలమ్‌లో పెట్టి, ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసే యునీక్ ఇండెక్స్ దాని మీద కట్టండి.

ప్రాకారం

ఆ పోలిక కీ విషయంలో భద్రతాపరమైన ప్రమాదం ఒకటి ఉంది. కేసు మార్పు (పెద్ద, చిన్న అక్షరాల మధ్య మార్పు) ఆస్కీకి మాత్రమే పరిమితమైతే ఇబ్బంది లేదు. యూనికోడ్ అంతటికీ వర్తింపజేస్తే, వేర్వేరు అక్షరాలు ఒకే అక్షరంగా మారిపోయే సందర్భాలు ఉన్నాయి. టర్కిష్‌లో చుక్క లేని చిన్న ‘ఐ’ ఉంది. దానిని పెద్ద అక్షరంగా మార్చితే మామూలు ఇంగ్లీషు పెద్ద ‘ఐ’ వస్తుంది. ఆ చుక్క లేని అక్షరంతో అడ్రస్ తీసుకున్న మోసగాడు పాస్‌వర్డ్ మరచిపోయానని ఫారం నింపుతాడు. పోలికను పెద్ద అక్షరాల్లో చేస్తే అది మరొకరి ఖాతాతో సరిపోతుంది. కోడ్ ఫారంలో టైపు చేసిన అడ్రస్‌కే లింకు పంపితే, ఆ ఖాతా మోసగాడి చేతికి వెళ్తుంది. ఇందులో రెండు కాపుదలలు కావాలి: పోలిక ఆస్కీ వరకే చేయాలి, లింకును ఎప్పుడూ డేటాబేస్‌లో ఉన్న అడ్రస్‌కే పంపాలి, టైపు చేసినదానికి కాదు.

జావాలో మరో చిక్కు. లొకేల్ (భాష, ప్రాంతపు అమరిక) చెప్పకుండా చిన్న అక్షరాలకు మార్చితే, సర్వర్ టర్కిష్ లొకేల్‌లో నడుస్తున్నప్పుడు పెద్ద ‘ఐ’ చుక్క లేని అక్షరమవుతుంది, డొమైన్ చెడిపోతుంది. ఏ భాషకూ చెందని రూట్ లొకేల్‌ను పేరు పెట్టి ఇవ్వాలి. పీహెచ్‌పీ 8.2 నుంచి స్ట్ర్-టు-లోయర్ లొకేల్‌తో సంబంధం లేకుండా ఆస్కీ వరకే పనిచేస్తుంది, మీకు ఆ బాధ లేదు.

ఇంకొకటి, పేరులోనూ అడ్రస్‌లోనూ కొత్త వరుస (న్యూలైన్) చిహ్నాలను కన్‌స్ట్రక్టర్‌లోనే తిరస్కరించండి. పేరు పెట్టెలో వరుస మార్పు పెట్టి, కింద మరో హెడర్ రాసి, మీ సర్వర్ నుంచి ఎవరికి కావాలంటే వారికి ఉత్తరాలు పంపే పద్ధతి చాలా పాతది. ఇప్పటికీ పనిచేసే చోట్లు ఉన్నాయి.

వరుసక్రమం

వాలిడేషన్ ఎంత కఠినంగా ఉండాలన్నది ఎవరూ ముట్టుకోలేదు. ఆర్‌ఎఫ్‌సీ మొత్తాన్నీ ఒక రెగెక్స్‌లో (అక్షరాల నమూనాను వర్ణించే సూత్రంలో) పెట్టే ప్రయత్నం వద్దు. వ్యాఖ్యలు, కొటేషన్లలో ఖాళీలున్న స్థానిక భాగాలు ప్రమాణం ప్రకారం చెల్లుతాయి, ఫారంలో మాత్రం ఎవరూ రాయరు. బ్రౌజర్ ఫారంలో ఈమెయిల్ టైపు చేసే పెట్టెను నిర్వచించిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే, తాను ఆర్‌ఎఫ్‌సీ 5322 నుంచి తెలిసే పక్కకు జరుగుతున్నానని రాసుకుంది. పొడవును మాత్రం తప్పక చూడండి: స్థానిక భాగం 64 బైట్లు, మొత్తం అడ్రస్ 254. చాలా కోడ్‌లో 320 అని కనిపిస్తుంది. అది ఆర్‌ఎఫ్‌సీ 3696లో వచ్చిన పొరపాటు, తరువాత సవరించారు. ఇవి బైట్లే, అక్షరాలు కావు. 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6531 ప్రకారం స్థానిక భాగాన్ని తెలుగులోనే రాస్తే 21 కోడ్‌పాయింట్లతో ఆ 64 నిండిపోతుంది.

అడ్రస్ నిజంగా ఉందా, దాని వెనుక ఆ మనిషే ఉన్నాడా అన్నది నిర్ధారణ ఉత్తరం తప్ప ఏ క్లాసూ చెప్పలేదు. కాబట్టి ‘నిర్ధారించినది’ అన్న విషయాన్ని అడ్రస్ క్లాసులో పెట్టకండి. అది ఖాతాకు చెందిన స్థితి.

సరిహద్దు

పాత డేటా గురించి ఒక హెచ్చరిక. నేను స్వయంగా పడిన గోతిలో ఇంకొకరు పడకూడదని చెబుతున్నాను. కన్‌స్ట్రక్టర్‌లో నియమాలను కఠినం చేసిన మరునాడు, నిర్వాహకుల పేజీ తెరుచుకోలేదు. పదేళ్ల కిందట నమోదైన అడ్రస్ ఒకదానిలో డొమైన్ చివర చుక్క ఉంది. డేటాబేస్ నుంచి ఆ వరుసను చదివి ఆబ్జెక్టుగా మార్చే చోట ఎక్సెప్షన్ వచ్చి, వేల వరుసల జాబితా మొత్తం ఆగిపోయింది. ఆ తప్పు అడ్రస్‌ను సరిచేయడానికి వాడవలసిన పేజీ కూడా అదే.

అప్పటి నుంచి కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేట్‌గా ఉంచి, బయటికి రెండు దారులు ఇస్తున్నాను. ‘ఫారం నుంచి’ అనే మెథడ్ అన్ని నియమాలనూ పరీక్షిస్తుంది. ‘నిల్వ నుంచి’ అనే మెథడ్ కొత్త వరుస చిహ్నాలు, ఖాళీ స్ట్రింగ్ వంటి ప్రమాదకరమైనవాటిని మాత్రమే ఆపి, మిగతాదాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకుంటుంది.

మూలవాక్యం

ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. ఆబ్జెక్ట్ ఉందంటే దాని విలువ సరైనదే అన్న భరోసా కోసమే ఈ క్లాస్ రాస్తున్నాం. ‘నిల్వ నుంచి’ అనే దారి తెరిస్తే ఆ భరోసా పోతుంది. ముందు డేటాను శుభ్రం చేసి, ఆ తరువాతే నియమం మార్చాలి.

సరిహద్దు

శుభ్రం చేయగలిగితే అదే ఉత్తమం. కానీ ఆ అడ్రస్ మనది కాదు, దాని యజమానిని అడగకుండా చుక్క తీసేసే హక్కు మనకు ఉందా? ఆయన జవాబిచ్చే వరకు ఆ వరుస అలాగే ఉండాలి, పేజీ తెరుచుకోవాలి. భరోసాను నేను వదలడం లేదు, దానిని ‘ఒకప్పుడు మన నియమాలకు నిలిచి వచ్చినది, ఇప్పుడు హాని చేయనిది’ అని కొంచెం తగ్గించి చెబుతున్నాను.

తొలిఅడుగు

ఇద్దరి మాటలూ విన్న తరువాత, మా పట్టికను ముందు పరీక్షించి చూశాను. కొత్త నియమాలకు నిలవనివి 11 వరుసలే ఉన్నాయి. వాటి యజమానులకు రాశాం, అందరి నుంచీ జవాబు వచ్చే వరకు సరిహద్దు గారి రెండు దారుల పద్ధతి ఉంచుతాను. తరువాత ‘నిల్వ నుంచి’ మెథడ్‌ను తీసేస్తాను. మిగతా పని ముగిసింది: అడ్రస్, మెయిల్‌బాక్స్ విడిపోయాయి. రెండింటిలోనూ టు-స్ట్రింగ్ లేదు. దానిని తీసేయగానే టెస్టుల్లో తొమ్మిది చోట్ల ఎర్రర్లు వచ్చాయి. అందులో నాలుగు చోట్ల పూర్తి అడ్రస్ లాగ్ ఫైలులోకి వెళ్తోందని అప్పుడే తెలిసింది.

ఒక్క సందేహం మిగిలింది. స్థానిక భాగంలో ప్లస్ గుర్తు ఉన్నవారు మాత్రం చందా రద్దు లింకు నొక్కితే ‘ఈ అడ్రస్ మా దగ్గర లేదు’ అని వస్తోంది. డేటాబేస్‌లో చూస్తే అడ్రస్ సరిగానే ఉంది.

పదబంధం

లింకులో అడ్రస్‌ను క్వెరీ స్ట్రింగ్‌గా నేరుగా అతికించి ఉంటారు. ఫారం ఎన్‌కోడింగ్ నియమం ప్రకారం అక్కడ ప్లస్ గుర్తుకు ఖాళీ అని అర్థం. సర్వర్ దానిని ఖాళీగా విప్పి వెతుకుతోంది. లింకు తయారు చేసే చోట ప్లస్‌ను పర్సెంట్ 2బీగా మార్చితే సరిపోతుంది. అంతకంటే మంచిది, లింకులో అడ్రస్‌ను పెట్టకుండా ఊహించడానికి వీలులేని టోకెన్ ఒకటి పెట్టడం. అడ్రస్ బ్రౌజర్ చరిత్రలోకీ, సర్వర్ లాగుల్లోకీ చేరదు, ఎవరో ఒకరు మరొకరి చందాను రద్దు చేసే వీలూ ఉండదు.

తొలిఅడుగు

అవును, ఆ లింకును టెంప్లేట్‌లో చేత్తో అతికించాం. టోకెన్‌కు మారుస్తున్నాను. ఇప్పటికే ఇన్‌బాక్సుల్లో ఉన్న పాత లింకుల కోసం, విప్పిన అడ్రస్‌లో ఖాళీ కనిపిస్తే దానిని ప్లస్‌గా మార్చి మళ్లీ వెతికే రెండు వరుసల కోడ్‌ను కొన్నాళ్లు ఉంచుతాను.